ఓవర్ అనని రాధారాణి

రాధారాణికి కాలూ నిలవదు, నోరూ ఆగదు అని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎవరినడిగినా చెబుతారు. కాలి సంగతి ఇప్పటికీ నిజమే. నోటి సంగతి మాత్రం పోయిన ఏడాది దుర్గాపూజల ముందు జరిగిన థైరాయిడ్ ఆపరేషన్‌తో మారిపోయింది. గడ్డ తీసేశారు, మనిషి దక్కింది, కానీ గొంతుకు వెళ్ళే నరం ఒకటి దెబ్బతింది. కోలుకుంటే కోలుకుంటుంది, లేకపోతే ఇంతే, అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి ఆవిడ నోట వచ్చేది ఒట్టి గాలి. అది మాట అని తెలియాలంటే పక్కన కూర్చుని చెవి ఒగ్గాలి.

ఇంకొకరైతే సర్దుకుందురేమో. ఈవిడ గొంతు పెట్టుబడిగానే అన్నం తిన్న మనిషి. ముప్ఫై ఏళ్ళు రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటే అవతలివాళ్ళు హలో అనక్కర్లేదు, ఊపిరి పీల్చిన తీరునిబట్టే బాలాసోర్ స్టేషన్ మాస్టరో, టాటానగర్ కంట్రోలరో చెప్పేసేది. వాళ్ళకీ ఈవిడ గొంతు అంతే గుర్తు. ఎన్నడూ మొహం చూడని గార్డులు రిటైరై వెళ్ళిపోతూ ఎక్స్ఛేంజి మెట్లెక్కి, దీదీ అంటే ఎవరు అని అడిగి మరీ దణ్ణం పెట్టి వెళ్ళారు.

ఒరిస్సాలో పెద్ద తుఫాను వచ్చిన ఏడు లైన్లన్నీ తెగిపోయి ఎక్స్ఛేంజి మూగబోయింది. అప్పుడు ఎవరో నలుగురు రేడియో సెట్లు పట్టుకొచ్చి, స్టేషన్‌లో ఒక మూల బల్ల వేసుకుని, గోడకు తీగ కట్టి, భద్రక్‌తో మాట్లాడేశారు. రాధారాణి ఆ బల్ల చుట్టూ రెండు రోజులు తిరిగింది. తీగలు లేకపోయినా గొంతు వెళుతుందన్నమాట. మరుసటేడు అమెచ్యూర్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. వాళ్ళాయన హరిబాబు వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీలో పగలంతా వాగింది చాలక ఇంటికొచ్చి ఆకాశంతో కూడా వాగుతావా అని నవ్వుతూనే ఇంటి కప్పు మీద వెదురు గెడ పాతి యాంటెన్నా తీగ కట్టిపెట్టాడు.

పొద్దున్నే టీ వేళకు నలభై మీటర్ల బ్యాండులో ఒక తెలుగు గుంపు చేరుతుంది. భీమిలి నుంచి ఏలియా అనే చర్చి పాస్టరు, బరంపురం నుంచి ఒకాయన, పలాస నుంచి ఒకాయన, ఇంకా అటూ ఇటూ కొందరు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, ఫోను నంబర్లు అడిగిందీ లేదు. పొద్దున్న వస్తే ఉన్నట్టు, రాకపోతే ఊరెళ్ళినట్టు. రేడియోలో ఒక మర్యాద ఉంది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మాట వినబడదు కాబట్టి, చెప్పడం అయ్యాక ‘ఓవర్’ అని మీట వదలాలి. రాధారాణికి ఆ మాట ఒక్కటే నోటికి రాదు. వంకాయ ధరతో మొదలుపెట్టి వియ్యపురాలి మోకాలి దాకా వెళ్ళి, అక్కడినుంచి పూరీ రథానికి వెళ్ళిపోయేది. ఆవిడ మొదలుపెడితే మేం స్నానం చేసి రావచ్చు అని ఏలియా అందరి ముందూ ఏడిపించేవాడు. ఆయన ఆవిడకంటే చిన్నవాడు, అక్కను ఉత్తరాంధ్రలో పిలిచినట్టు అప్పా అని పిలుస్తాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో వారమో నాలుగో వారమో, రాధారాణి ఉండబట్టలేక సెట్టు ముందు కూర్చుంది. గుంపంతా ఉన్నారు. మైకు పెదాలకు ఆనించుకుని, మీట నొక్కి, ఉన్న బలమంతా పెట్టి, లైసెన్సుతో వచ్చిన పేరులాంటి తన కాల్‌సైన్ చెప్పింది. మీట వదిలింది.

తరవాత ఏలియా గొంతు వచ్చింది. “ఎవరో మైకు నొక్కి పెట్టి కూసున్నారు బాబూ. మాటా లేదు, మంతీ లేదు, ఒట్టి గాలి. కాస్త సూసుకోండి.”

అతని తప్పేమీ లేదు. అక్కడికి వెళ్ళింది గాలే. రాధారాణి మైకును కొక్కేనికి తగిలించి, సెట్టు కట్టేసి, వాకిట్లోకి వెళ్ళి ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది. ఆ రోజు ఆవిడకు ఏడుపు కంటే భయం ఎక్కువ వేసింది. రాధారాణి అంటే ఆ గుంపుకు గొంతే. గొంతు లేకపోతే రాధారాణి ఎక్కడుంది మరి?

కూతురు నీలవేణి రైల్వే ఆఫీసులో క్లర్కు. వాళ్ళుండే రైల్వే క్వార్టరు ఇప్పుడు ఆ పిల్ల పేరు మీదే ఉంది. అమ్మా, వాట్సాప్ ఉంది కదా, వాళ్ళ నంబర్లు కనుక్కుని అందులో రాయి అంది. రాధారాణి తల అడ్డంగా ఊపింది. ఫోను చేస్తే ఒక్కరే ఎత్తుతారు, అదీ వాళ్ళకు మనసుంటే. రేడియోలో పిలిస్తే ఎవరైనా వింటారు, వినేవాళ్ళకు మనం ఎవరో తెలియాలి, అంతే తేడా. ఈ ముక్క చెవిలో చెప్పడానికి ఆవిడకు రెండుసార్లు ఊపిరి ఆగింది. నీలవేణి ఇంక వాదించలేదు. తన పాత లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

గొంతు లేనివాళ్ళకు రేడియోలో దారి ఉంది. కంప్యూటర్లో అక్షరాలు కొడితే అది సన్నటి పాటలాంటి శబ్దంగా మారుతుంది. రేడియో ఆ శబ్దాన్ని పంపుతుంది, అవతలి కంప్యూటరు దాన్ని విని తిరిగి అక్షరాలు చేస్తుంది. డిజిటల్ మోడ్స్ అంటారు వాటిని. అందులో ఒక్కటి ఉంటే బాగుండేది, కూరగాయల సంతలా పాతిక ఉన్నాయి. ఆర్‌టీటీవై అన్నది పాత టెలిప్రింటరుకు తమ్ముడు. దాని పేరు చూడగానే కంట్రోలు ఆఫీసులో టకటకలు గుర్తొచ్చి రాధారాణికి ముచ్చటేసింది, కానీ ఇప్పుడు దాని మీద ఎవరూ కనిపించలేదు. ఒలీవియా అని ఇంకొకటి. ఎంత హోరులోనైనా అక్షరం పోనివ్వదట, నిజమే, కానీ ఒక మాట వెళ్ళేలోపు టీ కాచుకుని తాగి రావచ్చు. ఆవిడకు అంత ఓపిక ఏ జన్మలోనూ లేదు. ప్రపంచమంతా వాడుతోంది ఎఫ్‌టీ ఎయిట్ అని తేలింది. పెరట్లో ఒంటి తీగ కట్టుకున్నవాళ్ళు కూడా దాంతో జపాన్ దాకా వెళుతున్నారట. ఇంకేం కావాలి అనుకుంది.

రేడియోకీ లాప్‌టాప్‌కీ మధ్య పెట్టే చిన్న డబ్బా ఆన్‌లైన్లో వచ్చింది. తీగల కోసం గోల్‌బజార్ వెళ్ళింది. తిరిగొస్తూ చేపల దగ్గర ఆగి బేరమాడబోతే, అమ్మే ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “కీ బోల్‌ఛో మాసీ, జోరే బోలో” అన్నాడు. గట్టిగా చెప్పడానికి ఆవిడ దగ్గర ఏముంది? ఒకప్పుడు ఈవిడ బేరం మొదలుపెడితే పక్క బల్లల దగ్గరివాళ్ళు కూడా ఆగి వినేవారు. ఆయన ఇచ్చిన చేప ఇచ్చినట్టు సంచిలో వేసుకుని వచ్చేసింది. ఇంటికొచ్చి చూస్తే దాని మొప్పలు నల్లగా ఉన్నాయి.

డబ్బా తగిలించింది. సాఫ్ట్‌వేరు వేసింది. రేడియో తిప్పగానే లాప్‌టాప్ తెర మీద పసుపు గీతలు వానధారల్లా దిగడం మొదలైంది. ఒక్కో గీతా ఒక్కో మనిషి. దాని పక్కనే అక్షరాలు పడాల్సిన గడి మాత్రం ఖాళీగా ఉంది. కాసేపు చూసింది. లేచి నీళ్ళు తాగి వచ్చి చూసింది. ఖాళీ.

ఆ తరవాతి వారం రోజులూ ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. తీగ చెడిపోయిందని మళ్ళీ గోల్‌బజార్ పరిగెత్తింది. యాంటెన్నా వంగిందని హరిబాబును కప్పెక్కించి గెడ దింపించింది, ఎక్కించింది, మళ్ళీ దింపించింది. ఆయన మోకాళ్ళు మొర్రో అన్నాయి. సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ వేసింది. అన్నం కంచం లాప్‌టాప్ పక్కనే, సగం తినడం, లేవడం. నడవా ఆ చివరికి వెళ్ళి వెనక్కి రావడం. అందరూ ఉన్నారు, తెర నిండా ఉన్నారు, ఎవరో తెలియడం లేదు. తలుపుకు అవతల పెళ్ళి జరుగుతున్నట్టుంది ఆవిడ ప్రాణానికి.

సూచనల్లో ఒకచోట కంప్యూటరు గడియారం సరిగ్గా ఉండాలని రాసి ఉంది. అదీ చదివింది. తలెత్తి గోడ గడియారం చూసింది, లాప్‌టాప్ చూసింది. రెండూ కలిశాయి. ఠీక్ హై అనుకుని ముందుకు పోయింది.

అక్కడే ఉంది తిరకాసు. హరిబాబు వర్క్‌షాపులో చేరిన కొత్తలో ఒక పొద్దున్న ఆయన కళ్ళ ముందే గేటు మూసేశారు. సైరన్ ఆగిపోయాక వచ్చావన్నారు. ఆ అవమానం మనసులో పెట్టుకుని, ఇంట్లో ఉన్న ప్రతి గడియారాన్నీ అయిదు నిమిషాలు ముందుకు తిప్పేశాడు. ఆయన ఒక్కడేనా, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో సగం ఇళ్ళ ఆచారం అదే. ఇంటి టైము వేరు, గేటు టైము వేరు. పిల్లలు కూడా చూడగానే మనసులో అయిదు తీసేసుకుని చెబుతారు. హరిబాబు రిటైరయ్యాడు గానీ ఆ అయిదు నిమిషాలు రిటైర్ కాలేదు. లాప్‌టాప్ ఇంట్లోకి రాగానే, అది దాని ఇష్టం వచ్చినట్టు ఇంటర్నెట్‌లో టైము చూసుకోవడం ఆయనకు నచ్చలేదు. ఒకే ఇంట్లో రెండు టైములేమిటి అని ఆ ఏర్పాటు తీసేసి, గోడ గడియారం చూసి తన చేత్తోనే టైము పెట్టాడు. చెప్పాల్సిన పనిగా కూడా ఆయనకు తోచలేదు.

ఎఫ్‌టీ ఎయిట్ చూస్తే వంతుల ఆట. పదిహేను సెకన్లు ఒకరు పంపాలి, పదిహేను సెకన్లు వినాలి, ప్రపంచంలో అందరూ ఒకే గడియారానికి కట్టుబడి. అచ్చంగా అయిదు నిమిషాలు ముందున్నా దానికి పట్టదు, వంతులు ఎలాగూ కలుస్తాయి. చేత్తో పెట్టేటప్పుడు ఆ నిమిషాల మీద పడిన చిల్లర సెకన్లే కొంప ముంచాయి.

సంగతి బయటపెట్టింది వర్క్‌షాపు సైరన్. ఒక పొద్దున్న రాధారాణి తెర ముందు కూర్చుని ఉండగా అది కూసింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న కూతే. ఆ రోజు మాత్రం ఆవిడ కళ్ళు లాప్‌టాప్ మూలన ఉన్న అంకెల మీద ఉన్నాయి. సైరన్ ఇప్పుడు కూస్తుంటే ఇది అప్పుడెప్పుడో కూసేసిందంటోంది. ఫోను తీసి పక్కన పెట్టి చూసింది. ఇన్నాళ్ళూ మనసులో అయిదు తీసేసే అలవాటే తన కళ్ళు కప్పిందని అర్థమై ఒళ్ళు మండిపోయింది.

హరిబాబు వాకిట్లో పీట వేసుకుని ములక్కాడలు గీస్తున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడి తిట్టడం మొదలుపెట్టింది. వారం రోజుల తిరుగుడు, మోకాళ్ళు, నల్ల మొప్పల చేప, అన్నీ కలిపి తిట్టింది. మెడ నరాలు పొంగాయి, మొహం ఎర్రబడింది. బయటికి వచ్చింది మాత్రం గాలే. హరిబాబు తలెత్తి ఆ నోటివైపు చూస్తూ ఉండిపోయాడు. చేతిలో కత్తి కింద పెట్టాడు. ఆయన కళ్ళు నిండిపోయాయి.

“ముప్పై ఏళ్ళు నీ అరుపులకి సెవులు మూసుకున్నాను,” అన్నాడు. “ఇప్పుడు తెరుసుకుని కూసున్నాను. ఏటీ ఇనపడదేటే.”

రాధారాణికి తిట్లు ఆగిపోయాయి. చెయ్యి పట్టుకుని లేపి తీసుకెళ్ళి లాప్‌టాప్ మూల చూపించింది, ఫోను చూపించింది. ఆయన కాసేపు తల గోక్కుని, తాను తీసేసిన ఏర్పాటు మళ్ళీ పెట్టాడు. గోడదాని జోలికి మాత్రం రావద్దన్నాడు.

తెర మీద అంకెలు సర్దుకున్నాయో లేదో, ఖాళీ గడి బిలబిలమని నిండిపోయింది. జపాన్, ఇండోనేషియా, ఇటలీ, పేరు పలకడం రాని దీవులు. రాధారాణి ఒక పేరు మీద నొక్కింది. కంప్యూటర్లు రెండూ తమలో తాము మాట్లాడుకున్నాయి. నా పేరిది, నువ్వు ఇంత గట్టిగా వినిపిస్తున్నావు, అందింది, సెలవు. అయిపోయింది. ఆ పూట పన్నెండు దేశాలు. ఆవిడ సంబరానికి హరిబాబు స్వీట్ల కొట్టుకెళ్ళి మిష్టి తెచ్చాడు.

నాలుగో రోజుకు సంబరం చల్లారింది. వీధిలో ఎదురై, బాగున్నారా అని అడిగి, జవాబు వినకుండా సైకిలెక్కి పోయేవాళ్ళు ఉంటారు చూడండి, ప్రపంచమంతా అలాంటివాళ్ళే దొరికారు. కబురు లేదు, వాన పడిందా అని లేదు. తను లేచి వంటింట్లోకి పోయినా ఆ ఆట ఆగదు. అవతల మాట్లాడుతున్నది రాధారాణి అని ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఏ భయంతో మొదలుపెట్టిందో అదే మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంది. మళ్ళీ నడవా ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుడు మొదలైంది.

పొద్దున గుంపును వింటూనే ఉంది. వాళ్ళు ఆవిడను తలుచుకోవడం కూడా తగ్గింది. మొదట్లో ఖరగ్‌పూర్ అప్ప ఏమైందో అనేవారు, ఇప్పుడు అనడం లేదు. ఒక శనివారం ఏలియా చెబుతున్నాడు. తను పీఎస్కే అని ఒక డిజిటల్ మోడు పెట్టుకున్నాడట. అందులో మనిషి ఎంత వేగంగా కొడితే అంత వేగంగా, అక్షరం వెంట అక్షరం అవతలి తెర మీద పడుతుందట. తప్పు కొట్టి చెరిపినా చెరిపినట్టే కనిపిస్తుందట. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే కొడుతున్నాడు. కానీ గంట సేపు పిలిచినా పలికే తెలుగువాడు లేడని, రేపు ఆరాధన అయ్యాక చివరిసారి చూస్తానని అన్నాడు.

ఆదివారం రాధారాణి పొద్దుటి నుంచీ కుర్చీ దిగలేదు. అది మాత్రం ఇంట్లో అందరూ గమనించారు. పీఎస్కేకి గడియారంతో పని లేదు, వంతులు లేవు. గీత దొరకాలి, గీత మీద నొక్కాలి. చర్చి వదిలే వేళకు సన్నటి గీత ఒకటి తేలింది. దాని మీద నొక్కితే అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఏలియా కాల్‌సైన్, భీమిలి, ఎవరైనా ఉన్నారా.

రాధారాణి తన కాల్‌సైన్ కొట్టింది. శబ్దం బాగా వెళ్ళాలని మీట చివరికంటా తిప్పి పెట్టుకుంది. ఇన్ని నెలల గాలి తరవాత ఆ మాత్రం ఆశ ఉండదా? జవాబు వచ్చింది.

“ఎవరండీ అది, సౌండు మరీ ఎక్కువైపోనాది. అక్షరాలు ముక్కలైపోతన్నాయి. తగ్గించండి బాబూ.”

రాధారాణి ఆ వాక్యం రెండుసార్లు చదివింది. నోరు తగ్గించుకోమని తనకు ఎవరైనా చెప్పి ఎన్నాళ్ళయింది! వెనక నిలబడి ఉన్న హరిబాబును లాగి తెర చూపించి మురిసిపోయింది. మీట సగానికి తిప్పి మళ్ళీ కాల్‌సైన్ కొట్టింది. ఈసారి అది చెదరకుండా అందినట్టుంది.

“ఈ కాల్‌సైన్ మా ఖరగ్‌పూర్ అప్పది. కొడతన్నది ఎవరు? వాళ్ళ అమ్మాయా? అప్ప గొంతైతే నిద్దట్లో కూడా గుర్తుపడతాను. అక్షరాలకి గొంతేటుంది. సెప్పండి, అప్ప బాగుందా?”

రాధారాణి భయం అదే కదా, అది అక్షరాల్లో కళ్ళ ముందు ఉంది. నేనే అని కొట్టబోయింది. నేనే అని ఎవరైనా అనవచ్చు. చెరిపేసింది. తరవాత ఏమనుకుందో ఏమో, కొట్టడం మొదలుపెట్టింది.

ఆసుపత్రి దగ్గర మొదలుపెట్టింది. పక్క మంచం ఆవిడ కోడలి దాకా వెళ్ళింది. గోల్‌బజార్ చేప, నల్ల మొప్పలు, వారం రోజులు తనను తిప్పిన గడియారం, హరిబాబు మోకాళ్ళు, జపాన్‌వాళ్ళు ముక్తసరిగా మాట్లాడడం. మధ్యలో వంకాయలు ఈ ఏడు బాగా లేవని కూడా. ఆ పొద్దున్న మైకు నొక్కి పెట్టి కూర్చున్నది తనేనని, ఒట్టి గాలి అన్నావు చూడు, ఆ గాలి నాదే తమ్ముడూ అని. నీ తప్పు లేదు, గాలి గాలే కదా అని. అక్కడినుంచి వియ్యపురాలి మోకాలి సంగతికి. రేడియో వెనక భాగం వేడెక్కి వాసన వస్తోందని హరిబాబు భుజం తట్టేదాకా వేళ్ళు ఆగలేదు. ఓవర్ అనే మాట కొట్టనే లేదు, ఉలిక్కిపడి మీట వదిలేసింది.

తెర ఖాళీగా ఉంది. పసుపు గీత మాత్రం కదులుతోంది. అంటే ఏలియా అక్కడ మీట నొక్కి కూర్చున్నాడు, ఏమీ కొట్టడం లేదు. తరవాత ఒక అక్షరం వచ్చింది. వెంటనే చెరిగిపోయింది. ఇంకో రెండు వచ్చాయి, అవీ చెరిగాయి. ముప్ఫై ఏళ్ళు అవతలివాళ్ళ ఊపిరి విన్న మనిషికి ఆ చెరపడం ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. రాధారాణి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అప్పా,” అని పడింది. కాసేపటికి తక్కినది. “నువ్వే. ఇంతసేపు ఓవర్ అనకుండా వాగేది ఈ బ్యాండులో నువ్వు కాక ఎవరున్నారు? ఆ రోజు నేను అన్నమాటకి నన్ను సెమించు. ఇంకొక్క మాట సెప్పనిస్తావా, లేక స్నానం సేసి రమ్మంటావా?”

రాధారాణికి కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు లేదు గానీ అది నవ్వే. కళ్ళద్దాలు లేక తెర కనిపించని హరిబాబు కంగారుపడిపోయి, “ఏటంటన్నాడే?” అని ఆవిడ నోటి దగ్గరికి చెవి వంచాడు.

రాధారాణి ఆ చెవిలో చెప్పింది.

“నా నోరు మూయించలేకపోతన్నాడంట.”